ఆప్తుల్ని పోగొట్టుకున్నవాళ్లకి తోడుండే కౌన్సెలర్లకి ఏం నేర్పాలి? సిలబస్ మీద సలహాలు కావాలి

నిమ్మళం (థ్రెడ్ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. ఆప్తుల్ని పోగొట్టుకున్నవాళ్లతో పనిచెయ్యబోయే వాలంటీరు కౌన్సెలర్ల కోసం అయిదు రోజుల శిక్షణ తయారుచేస్తున్నాం. వచ్చేవాళ్లకి కౌన్సెలింగ్ ఓనమాలు తెలుసు. కుటుంబ గొడవలు, చదువుల టెన్షన్ లాంటివి చూసినవాళ్లే. చావు జరిగిన ఇంటి మనిషి ఎదురుగా వచ్చి కూర్చుంటే ఏం చెయ్యాలో మాత్రం ఎవరికీ అనుభవం లేదు.

ప్రస్తుతం డ్రాఫ్ట్ ఇది: మొదటి రోజంతా దుఃఖంలో అయిదు దశలు. రెండో రోజు తక్కిన సిద్ధాంతాలు. మూడో రోజు వినడం ఎలాగో. నాలుగో రోజు పిల్లలు, ఆత్మహత్యలు, ప్రమాదాలు. అయిదో రోజు పొద్దున రోల్ ప్లే, మధ్యాహ్నం రాతపరీక్ష.

కమిటీలో ఒకాయన థియరీ చాల్లేదంటున్నారు. ఇంకొకావిడ అసలు థియరీ ఎందుకంటున్నారు. మధ్యలో నేను నలుగుతున్నాను. ఇలాంటి శిక్షణ ఇచ్చినవాళ్లు, తీసుకున్నవాళ్లు, క్లయింట్లుగా కౌన్సెలర్ల ముందు కూర్చున్నవాళ్లు ఎవరైనా సరే, మొహమాటం లేకుండా చెప్పండి.

రెండోకుర్చీ

మొహమాటం వద్దన్నారు కాబట్టి చెబుతున్నాను. మొదటి రోజంతా అయిదు దశలకి ఇస్తే, వాటిని మరిపించడానికి మిగతా నాలుగు రోజులూ చాలవు.

ఎలిజబెత్ కూబ్లర్-రాస్ అనే సైకియాట్రిస్టు ఆ అయిదింటినీ (నమ్మకపోవడం, కోపం, బేరమాడటం, కుంగిపోవడం, ఒప్పుకోవడం) 1969లో రాసింది చావు దగ్గరపడ్డ రోగులతో మాట్లాడి. వాళ్లు పోయాక మిగిలినవాళ్ల గురించి కాదు. తర్వాత్తర్వాత దాన్ని అందరి దుఃఖానికీ అతికించేశారు. ఇవి అందరికీ రావనీ, ఈ వరసలోనే రావనీ చివరి రోజుల్లో ఆవిడే చెప్పారు. అయినా జనం మనసుల్లో బస్టాపుల్లా ఉండిపోయాయి. ఇది దాటితే అది, అది దాటితే ఇల్లు.

దీంతో శిక్షణలో వచ్చే చిక్కేమిటంటే, నేర్చుకునేవాళ్లు ఎదుటి మనిషి మాట వినడం మానేసి, ఏ దశలో ఉన్నారా అని వెతకడం మొదలుపెడతారు. భర్త పోయిన మనిషి నవ్వుతూ మాట్లాడితే "ఇంకా నమ్మలేకపోతున్నారు" అని నోట్సులో రాసేస్తారు. ఆవిడ నవ్వింది నిజంగా నవ్వొచ్చే మాటకే కావచ్చు.

అలాగని పూర్తిగా తీసెయ్యకండి. క్లయింట్లే అడుగుతారు, "నాకింకా కోపం రాలేదు, నాలో ఏదైనా లోపమా?" అని. దానికి జవాబు చెప్పగలిగేంత తెలిస్తే చాలు. అరగంట పాఠం.

ఆ టైము 1999లో మార్గరెట్ స్ట్రోబె, హెంక్ షుట్ ప్రతిపాదించిన డ్యుయల్ ప్రాసెస్ మోడల్‌కి ఇవ్వండి. దుఃఖంలో ఉన్న మనిషి రెండు వైపులకీ ఊగుతుంటాడంటారు వాళ్లు. కాసేపు పోయిన మనిషి వైపు: ఏడుపు, జ్ఞాపకాలు, ఫొటోలు. కాసేపు మిగిలిన బతుకు వైపు: బ్యాంకు కాగితాలు, పిల్లల ఫీజులు, ఒక్కరే పడుకోవడం అలవాటు చేసుకోవడం. ఆ ఊగడమే ఆరోగ్యం. ఏదో ఒక వైపే ఇరుక్కుపోతే అప్పుడు చూసుకోవాలి. ఇది అర్థమైన కౌన్సెలర్, క్లయింటు పొద్దున లెక్కలు చూసుకుని సాయంత్రం ఏడ్చారని విన్నప్పుడు కంగారుపడరు.

అడ్డప్రశ్న

ఒక్క సందేహం, తిట్టకండి. మనుషులు పుట్టినప్పటినుంచీ చస్తూనే ఉన్నారు. మిగిలినవాళ్లు కౌన్సెలర్లు లేకుండానే ఏడ్చి, తేరుకుని, బతికారు. ఇప్పుడు దీనికి శిక్షణ, సర్టిఫికెట్, రోల్ ప్లే! దుఃఖాన్ని కూడా జబ్బు చేసేస్తున్నామా? నిజంగా ఎవరికైనా పనికొస్తుందా ఇది?

పట్టికలపురుగు

అడ్డప్రశ్న గారూ, మీరు వ్యంగ్యంగా అడిగినా పరిశోధన సగం మీ పక్షానే ఉంది.

ఆప్తుల్ని పోగొట్టుకున్నవాళ్లలో ఎక్కువమంది కౌన్సెలింగ్ లేకుండానే, చుట్టూ ఉన్నవాళ్ల ఆసరాతో నెమ్మదిగా తేరుకుంటారు. జార్జ్ బొనానో లాంటి పరిశోధకులు దీని మీదే చాలా పనిచేశారు. మానసిక రుగ్మత ఏమీ లేనివాళ్లకి, కేవలం ఆప్తులు పోయారన్న కారణంగా, అందరికీ ఒక పద్ధతి ప్రకారం చికిత్స మొదలుపెట్టొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013 మార్గదర్శకాల్లో స్పష్టంగా ఉంది. ఘోరం జరిగిన వెంటనే మనిషిని కూర్చోబెట్టి మొత్తం ఒకే సిటింగ్‌లో చెప్పించే 'డీబ్రీఫింగ్' ఒకప్పుడు బాగా ప్రచారంలో ఉండేది. పరీక్షించి చూస్తే అది పీటీఎస్‌డీని (ఘోరం జరిగాక మనిషిని వెంటాడే మానసిక రుగ్మతని) ఆపలేదు. కాలిన గాయాలైనవాళ్ల మీద 1997లో వచ్చిన ఒక అధ్యయనంలో, డీబ్రీఫింగ్ చేసినవాళ్ల పరిస్థితే చెయ్యనివాళ్లకన్నా అధ్వాన్నంగా తేలింది.

ఇక మిగతా సగం. కొందరిలో దుఃఖం తగ్గదు, గడ్డకట్టుకుపోతుంది. పెద్దల మీద జరిగిన అధ్యయనాలన్నీ కలిపి చూసిన 2017 నాటి విశ్లేషణలో ఇలాంటివాళ్లు దాదాపు పదిమందిలో ఒకరు. హింసలో, ప్రమాదాల్లో పోయినవాళ్ల కుటుంబాల్లో ఇంకా ఎక్కువ. దీన్ని ప్రొలాంగ్డ్ గ్రీఫ్ డిజార్డర్ అంటున్నారు. ఐసీడీ-11 (ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా) ప్రకారం కనీసం 6 నెలలు దాటాలి. 2022లో వచ్చిన డీఎస్‌ఎం-5-టీఆర్ (అమెరికా సైకియాట్రిస్టుల సంఘం మానసిక రుగ్మతల పుస్తకం) ప్రకారం పెద్దవాళ్లకి 12 నెలలు, పిల్లలకి 6 నెలలు. కాలం ఒక్కటే చూడకూడదు. దాదాపు రోజూ పోయినవాళ్ల కోసం తహతహ, బతుకు ఆగిపోయినట్టుండటం, వాళ్ల సంస్కృతిలో మామూలు అనుకునేదానికి మించి ఉండటం కూడా చూడాలి. వీళ్లకి ప్రత్యేక చికిత్స పనిచేస్తుందని ఆధారాలున్నాయి. కేథరిన్ షియర్ తయారుచేసిన 16 సిటింగ్‌ల చికిత్స 2005లో ప్రచురించిన అధ్యయనంలో మామూలు సైకోథెరపీ కంటే మెరుగ్గా పనిచేసింది.

కాబట్టి నిమ్మళం గారూ, మీ వాలంటీర్లకి మొదట రావలసింది ఎవరికి కౌన్సెలింగ్ అక్కర్లేదో, ఎవర్ని తమకంటే పై స్థాయి నిపుణుల దగ్గరికి పంపాలో తేల్చుకోవడం. మీ డ్రాఫ్ట్‌లో దీనికి ఒక్క గంట కూడా లేదు.

తుంపర

నేను కౌన్సెలర్‌ని కాను. క్లయింట్లు కూడా రాయొచ్చన్నారు కాబట్టి రాస్తున్నాను.

అమ్మ చాలాకాలం మంచంలో ఉంది. చివర్లో నన్ను గుర్తుపట్టలేదు. ఆమె పోయిన రోజు నాకు మొదట కలిగింది బాధ కాదు, హాయి. ఇక ఈ రాత్రి లేవక్కర్లేదు అనుకున్నాను. ఆ తర్వాత నాలుగైదు నెలలు ఆ ఒక్క ఆలోచన నన్ను పీక్కుతింది.

మొదట వెళ్లిన కౌన్సెలర్‌తో ఇది చెప్పగానే ఆయన "అయ్యో, అలా అనుకోకండి, మీరు ఎంత సేవ చేశారు, మీలాంటి కూతురు ఎవరికుంటుంది" అన్నారు. చాలా మంచాయన. ఆ మాటలతో నా నోరు మూతపడిపోయింది. గంటంతా ఆయన నన్ను మెచ్చుకుంటుంటే నేను తలూపుతూ కూర్చున్నాను.

రెండో ఆవిడ మెచ్చుకోలేదు, ఓదార్చలేదు. "హాయిగా అనిపించిందా" అని నా మాటే నాకు తిరిగి చెప్పి ఊరుకుంది. ఎంతసేపు ఊరుకుందంటే, నాకు ఇబ్బంది వేసి మాట్లాడటం మొదలుపెట్టాను. అప్పుడు బయటికొచ్చింది అసలు సంగతి. ఆఖరి నెలల్లో అమ్మ మీద రెండుసార్లు గట్టిగా అరిచాను. దాని గురించి ఎవరికీ చెప్పలేదు. మా అన్నయ్యకి ఇప్పటికీ తెలీదు.

మీ అయిదు రోజుల్లో ఆ ఊరుకోవడం ఎక్కడ నేర్పుతారు?

రెండోకుర్చీ

తుంపర గారూ, థాంక్స్. సిలబస్‌లో అన్నిటికంటే ముఖ్యమైన గంట ఏదో మీ పోస్టే చెప్పింది.

నిమ్మళం గారూ, రోల్ ప్లేని అయిదో రోజు పొద్దునకి నెట్టెయ్యకండి. మొదటి రోజు మధ్యాహ్నం నుంచే మొదలుపెట్టి రోజూ చేయించాలి. ముగ్గురేసి కూర్చుంటారు. ఒకరు మాట్లాడేవాళ్లు, ఒకరు వినేవాళ్లు, ఒకరు చూసేవాళ్లు. మాట్లాడేవాళ్లకి మీరు రాసిచ్చిన కేసే ఇవ్వండి. సొంత చావుల్ని అభ్యాసానికి తేవొద్దని మొదటే చెప్పాలి. లేకపోతే తరగతి మధ్యలో ఒకరు కూలిపోతారు, తక్కినవాళ్లందరూ వాళ్ల చుట్టూ చేరతారు, పాఠం అక్కడితో సరి.

కేసులో ఎక్కడో ఒకచోట తుంపర గారు చెప్పినలాంటి వాక్యం పెట్టండి. "ఆయన పోతే బాగుండనుకున్నాను", "వాడు వెళ్లేటప్పుడు పోట్లాడాను". చూసేవాళ్ల పని ఒకటే. ఆ వాక్యం వచ్చాక వినేవాళ్లు ఎంతసేపటికి నోరు విప్పారు, విప్పాక అన్న మొదటి మాట ఏమిటి, ఉన్నదున్నట్టు రాసుకోవడం. విశ్లేషణ వద్దు. తర్వాత ఆ మాటల్ని బోర్డు మీద పేర్లు లేకుండా రాస్తే సగానికి సగం "కాలమే మాన్పుతుంది", "కనీసం బాధపడకుండా పోయారు", "మీ బాధ నాకు అర్థమవుతుంది", "మీరు ధైర్యంగా ఉండాలి" అన్నవే ఉంటాయి. ఇవి చెడ్డ మనుషులు అనే మాటలు కావు. ఎదుటివాళ్ల బాధ చూడలేక, ముందు మనల్ని మనం ఓదార్చుకోవడానికి అనేస్తాం. నేర్చుకునేవాళ్లకి ఇది పుస్తకంలో చదివితే తెలియదు. తన నోట్లోంచి వచ్చిన మాట బోర్డు మీద కనిపించినప్పుడు తెలుస్తుంది.

ఇంకొకటి. మాటలు లేకుండా రెండు నిమిషాలు ఎదురెదురుగా కూర్చోబెట్టండి. మొదటిసారి నవ్వుతారు, ఫోన్లు వెతుక్కుంటారు. నాలుగోసారికి కుదురుగా కూర్చుంటారు.

నైట్‌డ్యూటీ

నేను నర్సుని. మీరందరూ వారాలు, నెలల తర్వాత వచ్చే మనిషి గురించి మాట్లాడుతున్నారు. మొదటి గంటల్లో ఉన్న మనిషి వేరు. అప్పుడు కౌన్సెలింగ్ చెయ్యకూడదు, అక్కర్లేదు కూడా. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో ఇచ్చిన సైకలాజికల్ ఫస్ట్ ఎయిడ్ గైడులో చెప్పింది ఒక పూటలో నేర్పొచ్చు: చూడటం, వినడం, కలపడం. భద్రంగా ఉన్నారా చూడు, చెప్పింది విను, కావలసినవాళ్లతో, సాయంతో కలుపు. ఇంటికి ఎలా వెళ్తారు, ఎవరు తోడున్నారు, ఫోన్లో ఛార్జింగ్ ఉందా, ఎవరికి కబురు చెయ్యాలి. ఈ ప్రశ్నలే అప్పటికి కౌన్సెలింగ్.

ఒళ్లు గురించి కూడా చెప్పండి. నిద్ర, ఆకలి పోతాయి, గుండె దడ వస్తుంది, పోయినవాళ్ల గొంతు వినిపించినట్టుంటుంది. ఇవన్నీ మామూలే అని చెబితే సగం భయం పోతుంది. ఛాతీ నొప్పి, ఊపిరాడకపోవడం మాత్రం "దుఃఖమేలే" అని వదిలెయ్యొద్దు, వెంటనే డాక్టరుకి చూపించాలి. తీవ్రమైన మానసిక దెబ్బ తర్వాత గుండె కండరం తాత్కాలికంగా బలహీనపడే టకోట్సుబో అనే పరిస్థితి నిజంగా ఉంది. జపాన్ వైద్యులు 1990 ప్రాంతంలో మొదట వర్ణించారు.

నిద్రమాత్రల సంగతీ ఉంది. ఇంట్లోవాళ్లే "ఏదైనా మాత్ర ఇచ్చి పడుకోబెట్టండి" అంటారు. మానసిక రుగ్మత లేని వ్యక్తికి కేవలం దుఃఖం తగ్గడానికి బెంజోడయాజెపైన్లు (ఆందోళన తగ్గించి నిద్రపుచ్చే ఒక రకం మందులు) ఇవ్వొద్దని పట్టికలపురుగు గారు చెప్పిన 2013 మార్గదర్శకాల్లోనే ఉంది. కౌన్సెలర్లు మందులు రాయరు, అయినా ఈ మాట తెలిసుండాలి.

అడ్డప్రశ్న

పట్టికలపురుగు గారి జవాబుకి నేను సగం మెత్తబడ్డాను. మిగతా సగం ఇంకా గట్టిగానే ఉంది :)

పిల్లల సంగతి నాలుగో రోజులో ఒక మూల పడేశారేం?

బడిగంట

పిల్లల గురించి నేను చెబుతాను, అదే నా పని.

పిల్లలకి చావు ఒక్కసారిగా అర్థం కాదు, ముక్కలుగా అర్థమవుతుంది. పోయినవాళ్లు తిరిగి రారు, వాళ్ల ఒళ్లు ఇక పనిచెయ్యదు (ఆకలి, చలి, నొప్పి ఉండవు), ఇది అందరికీ జరుగుతుంది. ఈ మూడూ చాలామంది పిల్లలకి అయిదు నుంచి ఏడేళ్ల మధ్య పట్టుబడతాయి, కొందరికి ముందు, కొందరికి తర్వాత. అందుకే నాలుగేళ్ల పాప వారం రోజులకి "నాన్న ఎప్పుడొస్తాడు" అని మళ్లీ అడుగుతుంది. చెప్పింది వినలేదని కాదు. అడిగిన ప్రతిసారీ అదే జవాబు, అవే మాటల్లో చెప్పాలి. "నిద్రపోయాడు" అంటే ఆ పాపకి పడుకోవడం అంటే భయం పట్టుకుంటుంది. "దూరం వెళ్లాడు" అంటే తనని వదిలేసి వెళ్లాడనుకుంటుంది.

పిల్లలు ఏడ్చి, పది నిమిషాల్లో ఆటకి పరిగెడతారు. పెద్దవాళ్లకి అది రాతి గుండెలా కనిపిస్తుంది. పిల్లల దుఃఖం అంతే, ముంచి తేలుస్తుంది. ఇంకో ముఖ్యమైన సంగతి, చిన్నపిల్లలు తామేదో చెయ్యడం వల్లే చావు జరిగిందని లోపల అనుకుంటారు. "నేను చచ్చిపో అన్నాను, చచ్చిపోయాడు". ఎవరూ అడగకపోతే చెప్పరు. అడగాలి.

అలాగే పసితనంలో తల్లినో తండ్రినో పోగొట్టుకున్న పిల్లకి పదమూడేళ్లప్పుడు దుఃఖం మళ్లీ మొదట్నుంచీ రావచ్చు, ఎందుకంటే పోయిందేమిటో అప్పుడే తెలుస్తుంది. దీన్ని వెనక్కి పోవడం అనుకోకూడదు.

పిల్లలతో పని అందరు వాలంటీర్లకీ ఇవ్వకండి. ఇంట్లో పెద్దవాళ్లకి ఎలా చెప్పాలో నేర్పడం మాత్రం అందరికీ రావాలి.

హెల్ప్‌లైన్_పాతకాపు

ఆత్మహత్య ఆలోచనల గురించి అడగడం ప్రాక్టీసు చేయించండి. చాలామంది కొత్తవాళ్లు అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని భయపడతారు. అడగడం వల్ల ప్రమాదం పెరగదని ఇప్పటిదాకా వచ్చిన అధ్యయనాలు చెబుతున్నాయి. "ఆయన దగ్గరికి వెళ్లిపోతే బాగుండు" అనేది దుఃఖంలో మామూలుగా వినిపించే మాట. అది కోరికా, ఆలోచనా, ప్లానా తెలియాలంటే సూటిగా "చచ్చిపోవాలని ఆలోచిస్తున్నారా? ఎలాగో ఆలోచించారా?" అని అడగాలి. ఒక్కొక్కరూ బిగ్గరగా, మొహం చూస్తూ అడిగే దాకా ఆ సెషన్ ముగించొద్దు. ఔను అని జవాబొస్తే ఎవరికి ఫోన్ చెయ్యాలో, క్లయింటుని ఒంటరిగా వదలకూడదన్నదీ కాగితం మీద ఉండాలి. ప్రాణాపాయం ఉన్నచోట రహస్యం దాచలేనని మొదటి సిటింగ్‌లోనే చెప్పి ఉంచాలి.

కనపడని దుఃఖాలకీ చోటివ్వండి. కెనెత్ డోకా 1989లో వీటి మీద రాశారు, లోకం గుర్తించని దుఃఖాలు. గర్భస్రావం, విడాకులైన భర్త చావు, ఎవరికీ తెలియని ప్రేమ, పెంపుడు జంతువు. వీళ్లకి పరామర్శలు రావు, సెలవు దొరకదు. పాలిన్ బాస్ చెప్పిన అస్పష్ట నష్టం ఇంకొకటి. మనిషి తప్పిపోయాడు, శవం దొరకలేదు. లేదా మనిషి ఎదురుగానే ఉన్నాడు, డిమెన్షియాతో లోపలి మనిషి లేడు. తప్పిపోయినవాళ్ల ఇంట్లోవాళ్లని "ఇక ఒప్పుకోండి" అని తొందరపెట్టే కౌన్సెలర్ వాళ్లకి ద్రోహిలా కనిపిస్తారు. ఉన్నాడేమో, లేడేమో, రెంటినీ ఒకే మనసులో పట్టుకుని బతకడానికి సాయపడటమే అక్కడ పని.

పట్టికలపురుగు

ఈ మధ్యలో ఎవరూ ఎత్తని విషయం: ఎవర్ని చేర్చుకుంటారు? మొన్నమొన్ననే ఇంట్లో చావు చూసినవాళ్లు ఇలాంటి శిక్షణలకి ఎక్కువగా వస్తారు. నా ఉద్దేశంలో కనీసం ఏడాది దాటనివాళ్లని తీసుకోకూడదు.

తుంపర

ఏడాది దాటితే తగ్గిపోతుందా? నాకు సాయపడిన ఆవిడ కూడా తన వాళ్లని పోగొట్టుకున్న మనిషేనని తర్వాత తెలిసింది. తన కథ నాతో ఒక్కసారీ చెప్పలేదు.

రెండోకుర్చీ

ఇద్దరి మాటా కాస్త కాస్త నిజం. గడువు పెట్టుకోండి, కానీ గడువు చూసి ఇంటర్వ్యూ మానెయ్యకండి. ఇంటర్వ్యూలో నేను చూసేది, తన నష్టం గురించి మాట్లాడి మళ్లీ మన ప్రశ్నకి తిరిగి రాగలరా లేదా అన్నదే. రాలేకపోతే ఇప్పుడు కాదు, తర్వాత రమ్మంటాను. ఇరవయ్యేళ్ల కిందటి చావు అయినా సరే.

క్లయింటు ముందు కన్నీళ్లొస్తే తప్పా అని ఎప్పుడూ అడుగుతారు. కళ్లు చెమ్మగిల్లితే కొంపేమీ మునగదు. క్లయింటు తన ఏడుపు ఆపి మిమ్మల్ని ఓదార్చాల్సి వస్తే అది తప్పు.

నిమ్మళం

అందరికీ దండాలు. సిలబస్ తిరగరాశాను. అయిదు దశలు అరగంట. డ్యుయల్ ప్రాసెస్, దుఃఖంలో ఉన్న మనిషి చెయ్యాల్సినవని విలియం వర్డెన్ చెప్పిన నాలుగు పనులు కలిపి ఒక పూట. ఎవరికి అక్కర్లేదు, ఎవర్ని పైకి పంపాలి అన్నది ఒక పూట. రోల్ ప్లే రోజూ మధ్యాహ్నం. ఆత్మహత్య ప్రశ్న, గోప్యత కలిపి ఒక పూట. పిల్లలకి ఒక పూట, బడిగంట గారు చెప్పినట్టు పెద్దవాళ్లకి ఎలా చెప్పాలన్నదానికే పరిమితం. మొదటి గంటలు, ఒళ్లు, మందుల గురించి ఒక నర్సుతో చెప్పిస్తాను.

థియరీ చాల్లేదన్న కమిటీ పెద్దమనిషి ఇంకా అలిగే ఉన్నారు. రాతపరీక్ష కావాలంటున్నారు. ఏం చెయ్యమంటారు?

రెండోకుర్చీ

రాతపరీక్ష పెట్టండి, ఒక గంట. పెద్దాయన సంతోషిస్తారు. పాస్, ఫెయిల్ మాత్రం దాని మీద తేల్చకండి.

అసలు పరీక్ష, వాళ్లు ముందు చూడని కేసుతో ఇరవై నిమిషాల రోల్ ప్లే. క్లయింటు పాత్ర బయటివాళ్లు వెయ్యాలి, తోటివాళ్లు వేస్తే జాలిపడి సాయం చేస్తారు. మార్కులు మాట తీరుకి కాదు. ప్రమాద సూచన వస్తే పట్టుకున్నారా, అడిగారా? క్లయింటు మాట మార్చితే వెంట వెళ్లారా, తమ ప్రశ్నల జాబితాకి లాక్కొచ్చారా? ముగింపు ఎలా చేశారు? ముగింపు చాలామంది పట్టించుకోరు. మనుషుల్ని పోగొట్టుకున్న మనిషికి కౌన్సెలింగ్ ఆగిపోవడం కూడా ఇంకో పోగొట్టుకోవడమే. ఎన్ని సిటింగ్‌లు ఉంటాయో మొదటే చెప్పాలి, చివరిది వస్తోందని ముందునుంచే గుర్తుచెయ్యాలి.

అయిదు రోజుల తర్వాత ఏమిటన్నది మీ ప్లానులో కనిపించలేదు. సూపర్‌విజన్ లేకపోతే ఈ శిక్షణ పెట్టొద్దు. రెండు వారాలకోసారి చిన్న గుంపుగా కూర్చుని కేసులు మాట్లాడుకోవాలి, నడిపేది అనుభవం ఉన్నవాళ్లు అయ్యుండాలి. వరసగా చావులు వింటూ ఉంటే ఇంటికెళ్లాక పిల్లలు పది నిమిషాలు ఆలస్యమైనా గుండె ఆగినంత పనవుతుంది. దాన్ని ఎక్కడో ఒకచోట చెప్పుకోకపోతే మనిషి మొద్దుబారిపోతాడు, లేదా మానేసి వెళ్లిపోతాడు. మంచి వాలంటీర్లు ముందు వెళ్లిపోతారు.

నిమ్మళం

సూపర్‌విజన్‌కి మనిషి దొరికేదాకా తేదీ ప్రకటించకుండా ఆపుతున్నాను.

తుంపర గారూ, అడగడానికి కొంచెం జంకుగా ఉంది. ఒక గంట వచ్చి మా వాలంటీర్లతో మాట్లాడతారా? ఇక్కడ రాసినంత చాలు.

తుంపర

వస్తాను, కానీ కొన్ని షరతులు. మొదటి రోజు వద్దు, వాళ్లు కాస్త ఊరుకోవడం నేర్చుకున్నాక పిలవండి. ప్రశ్నలు ముందే రాసి పంపండి, వద్దనుకున్నవి కొట్టేస్తాను. రికార్డింగ్ వద్దు. నేను రోల్ ప్లే చెయ్యను. అయిపోయాక నాతో ఒకరు కాసేపు కూర్చోవాలి, వాలంటీర్లు కాదు, నాకు తెలిసిన మనిషిని నేనే తెచ్చుకుంటాను. అన్నయ్య సంగతి ఎవరూ ఎత్తకూడదు.

నిమ్మళం

అన్నిటికీ సరేనండి. మూడో రోజు మధ్యాహ్నం అనుకుందాం. మెసేజ్ పెట్టాను.

బడిగంట

నిమ్మళం గారూ, పిల్లల సెషన్‌కి నా దగ్గర కేసులు రాసి ఉన్నాయి, పేర్లు, వివరాలు అన్నీ మార్చినవి. కావాలంటే పంపుతాను. నాలుగేళ్ల పాప కేసు మాత్రం చివర్లో పెట్టుకోండి, దాని తర్వాత ఇంకో కేసు నడవదు.